కంటికి అంటుకొన్న కటకం

సర్వేంద్రియాణాం నయనం ప్రధానమని మన వ్యాసరచన పోటీలలో ప్రతి సంవత్సరమూ కనీసం పదిమంది విద్యార్థులు మొదటి వాక్యంగా వ్రాస్తారు. ఆ పత్రాలను దిద్దే అధ్యాపకురాలిని గనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను. చదువుకొనే రోజులలో నేనూ అట్లే వ్రాసినదానినే. అయితే ఆ సూక్తికి మార్కులు వేసే ఈ చేతులే రెండేండ్ల క్రితం ఒక అమ్మాయి కంటికి కీడు చేయబోయాయి. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. విద్యార్థులూ, పాలక సంఘం పెద్దలూ ఒక్కచోట చదివే పత్రిక మనకు ఏడాదికి ఇదొక్కటే కావున ఇక్కడ చెప్పుకొంటున్నాను.

వార్షికోత్సవం ముగిసిన రాత్రి అది. ఉర్దూ నాటకంలో ముఖ్య పాత్ర ధరించిన అమ్మాయి ఉదయం ఏడు గంటలకు కంటిలో కాంటాక్ట్ లెన్సులు పెట్టుకొన్నది. మధ్యాహ్నం పూర్వాభ్యాసం, సాయంకాలం అలంకరణ, ఆపై రెండు గంటల సేపు దీపాల వేడి, ప్రక్క నుండి ముఖం మీదికి వీచే పెద్ద పంకాలు. నాటకం బాగా రక్తి కట్టింది. ఆ సంతోషంలో, అలసటలో, వసతిగృహానికి వచ్చి అట్లే నిద్రపోయింది. రాత్రి ఒంటిగంటకు నా గది తలుపు తట్టిన చప్పుడు. నలుగురు అమ్మాయిలు, మధ్యలో ఎడమ కన్ను చేతితో మూసుకొని ఆ పిల్ల. "మేడమ్, ఒక కంటిది వచ్చేసింది. ఈ కంటిది అతుక్కుపోయింది, రావడం లేదు" అన్నది.

నేను ఏమి చేయవలసినదో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకొని ఉంటే బాగుండేది. పెద్దదానిని, అధ్యాపకురాలిని, ఏదో ఒకటి చెప్పాలి కదా! "చల్లని నీళ్ళతో బాగా కడుగమ్మా" అన్నాను. కడిగింది. రాలేదు. ఒక స్నేహితురాలు గులాబ్ జల్ తెచ్చి రెండు చుక్కలు వేసింది. మరొకతె సెల్‌ఫోను దీపం పట్టుకొంటే ఇంకొకతె వ్రేళ్ళతో లాగి చూసింది. నలభై నిమిషాలు ఈ తతంగం సాగింది. కన్ను చింతనిప్పు అయింది. చివరకు ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసికొనిపోయాము.

అక్కడి వైద్యురాలు కంటిలో పసుపుపచ్చని రంగు మందు వేసి, నీలికాంతిలో చూసి, కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నారు: "ఈ కంటిలో లెన్సు లేనే లేదు. ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. మీరు ఇంతసేపూ గిల్లింది లెన్సును కాదు, కంటినే."

మరునాడు ప్రొద్దున ఆ లెన్సు దిండు మడతలో దొరికింది, ఎండిన చేప పొలుసు వలె.

గాయం పైపైనే కావడం వల్ల మందుచుక్కలతో మూడు రోజులకు మానిపోయింది. ఆ మూడు రోజులలోనే ఉన్న ప్రయోగ పరీక్ష మాత్రం తప్పిపోయింది. దానికి మరల అవకాశం కొరకు ఆ పిల్ల నెలరోజులు తిరిగింది. ఆ దరఖాస్తులకు నేనే సంతకాలు పెట్టాను. పెట్టిన ప్రతిసారీ నా "చల్లని నీళ్ళు" నాకు గుర్తుకు వచ్చేవి.

ఆ తరువాత ఈ విషయం గురించి కొంత చదివాను, తెలిసిన వైద్యులను అడిగాను. నేను తెలుసుకొన్నదానిలో మొదట నన్ను ఆకర్షించినది ఈ మెత్తని లెన్సు పుట్టిన కథ. ఒట్టో విక్టర్లే అనే చెక్ శాస్త్రవేత్తను 1958లో రాజకీయ కారణాల వల్ల ప్రాగ్ నగరంలోని రసాయన విద్యాసంస్థ నుండి తొలగించారు. మరొక సంస్థలో చేరి, నీటిని పీల్చుకొని మెత్తబడే పదార్థంతో కంటి కటకాలు చేయాలని ఆయన చేసిన ప్రయత్నానికి ప్రభుత్వ సహాయం ఆగిపోయింది. అప్పుడాయన 1961 క్రిస్మస్ పండుగ రోజులలో తన ఇంట్లోనే, పిల్లలు ఆడుకొనే మెర్కూర్ లోహపు ముక్కలతో, ఒక సైకిలు డైనమోతో చిన్న యంత్రం కట్టి, మొదటి మెత్తని లెన్సులను తిప్పి తీశారు. పదేండ్లకు, 1971లో, అమెరికాలో వాటి అమ్మకానికి అనుమతి లభించింది. అంతకు ముందున్నవి గాజువో, గట్టి ప్లాస్టిక్‌వో. మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ప్రయోగశాలలో పరికరాలు లేవని నాతో మొరపెట్టుకొన్నప్పుడు ఈ కథ చెబుతుంటాను. వారికి అంతగా నచ్చినట్లు కనబడదు.

ఈ కథలోనే మన సమస్యకు మూలం ఉన్నది. ఆ తొలి మెత్తని పదార్థంలో నూటికి 38 వంతులు నీరే. నేటి లెన్సులలో కొన్నింట ఇంకా ఎక్కువ. అనగా లెన్సు మెత్తదనమంతా నీటి వల్ల వచ్చినది. ఆ నీరు ఆరిపోతే లెన్సు బిగుసుకొంటుంది, అంచులు ముడుచుకొంటాయి, కంటిని పట్టుకొంటుంది. తడిసిన కాగితం అద్దానికి అంటుకొని ఎండిపోతే ఎట్లా ఉంటుందో అట్లా. లాగితే చిరుగుతుంది, తడిపితే జారుతుంది. ఈ ఒక్క పోలిక తెలిసి ఉంటే ఆ రాత్రి మేము లాగి ఉండేవారము కాము.

కన్ను ఎందుకు ఆరిపోతుంది? కన్నీరంటే వట్టి ఉప్పునీరు కాదు. కంటికి అంటిపెట్టుకొని ఉండే జిగురు, దానితో కలిసి నీరు, ఆ నీరు ఆవిరి కాకుండా పైన పలుచని నూనె. మనం రెప్ప వేసినప్పుడెల్లా ఈ పూత కొత్తగా పరచుకొంటుంది. మామూలుగా నిమిషానికి సుమారు 15 మార్లు వేసే రెప్పను, పుస్తకం మీదనో ఫోను మీదనో దృష్టి నిలిపినప్పుడు చాలా తక్కువగా వేస్తాము. మే నెల హైదరాబాదు గాలి, తలమీద తిరిగే పంకా, చల్లదనపు యంత్రం, జలుబుకు తుమ్ములకు మ్రింగే మాత్రలలో కొన్ని, ఇవన్నీ ఆ తడిని హరించేవే. నిద్రలో రెప్ప వేయడమే ఉండదు కావున లెన్సుతో నిద్రించడం అన్నింటికన్నా చెడ్డది. పైగా కంటి ముందున్న కార్నియా అనే పారదర్శకమైన పొరలో రక్తనాళాలు ఉండవు. దానికి కావలసిన ప్రాణవాయువులో అధిక భాగం గాలి నుండే కన్నీటి ద్వారా అందాలి. మూసిన రెప్ప క్రింద లెన్సు కూడ ఉంటే ఆ దారి మరింత ఇరుకవుతుంది. లెన్సుతో నిద్రించేవారికి కంటిలో చీము పట్టే ప్రమాదం ఆరు నుండి ఎనిమిది రెట్లు అధికమని అమెరికా ప్రజారోగ్య సంస్థ చెబుతున్నది.

ఇక, అంటుకొన్న లెన్సును తీసే పద్ధతి. నేను వైద్యురాలిని కాను. వైద్యులు చెప్పినదానిని నా మాటలలో చెబుతున్నాను.

మొట్టమొదట భయం మానాలి. లెన్సు కంటిగుడ్డు వెనుకకు జారిపోయి మెదడులో చేరుతుందని మన వసతిగృహంలో ఒక ప్రచారం ఉన్నది. అది జరగని పని. రెప్ప లోపలి పలుచని పొరే మడతపడి కంటి తెల్లగుడ్డును కూడ కప్పుతుంది. కావున వెనుకకు దారే లేదు. మహా అయితే లెన్సు పైరెప్ప క్రింద మడతలో దాగుతుంది, అంతే.

తరువాత సబ్బుతో చేతులు కడిగి, నూగు అంటని శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తుడుచుకోవాలి. అటుపై అసలు లెన్సు కంటిలో ఉన్నదా లేదా అని నిర్ధారించుకోవాలి. ఇది మేము చేయని పని, అన్నింటికన్నా ముందు చేయవలసిన పని. మంచి వెలుతురులో అద్దం ముందు నిలిచి, రెండవ కన్ను మూసి, గోడమీది అక్షరాలు చూడండి. లెన్సు ఉన్నప్పటి వలె స్పష్టంగా కనబడితే అది నల్లగుడ్డు మీదనే ఉన్నట్లు. మసకగా ఉంటే జారి ఉండవచ్చు, ఊడిపోయి ఉండవచ్చు. అన్ని వైపులకు చూస్తూ తెల్లగుడ్డు మీద దాని అంచు వెదకండి. కనబడకపోతే దిండు, దుస్తులు, నేల వెదకండి. కనబడని లెన్సు కొరకు నల్లగుడ్డును గిల్లడం మాత్రం వద్దు. గాయపడిన కంటికి ఏదో అడ్డుపడినట్లే ఉంటుంది. ఆ బాధను లెన్సు అనుకొని మరింత గిల్లుతాము. మా అమ్మాయికి జరిగినది అదే.

లెన్సు ఉన్నదని తేలితే దానిని తడపాలి. లెన్సులు ధరించేవారి కొరకే అమ్మే తడి చుక్కలు గాని, సీలు విప్పని శుద్ధమైన సెలైన్ గాని కొన్ని చుక్కలు వేసి, కన్ను మూసి, నెమ్మదిగా రెప్పలు ఆర్పుతూ ఐదు పది నిమిషాలు ఊరక కూర్చోవాలి. ఊరక కూర్చోవడమే ఇందులో కష్టమైన భాగం. కదలకపోతే మరల చుక్కలు వేసి, మరల కూర్చోవాలి. మెత్తని లెన్సయితే మూసిన రెప్ప మీద వ్రేలి కొనతో అతి మృదువుగా నిమరవచ్చు. పైరెప్ప క్రింద దాగితే క్రిందికి చూస్తూ, రెప్పను పై నుండి క్రిందికి నిమరాలి. లెన్సు కంటి మీద తనంతట తాను కదలాడుతున్నదని తెలిసిన తరువాతనే, పైకి చూస్తూ, వ్రేలితో దానిని తెల్లగుడ్డు మీదికి దించి, వ్రేళ్ళ మెత్తని భాగంతో, గోళ్ళు తగలకుండా, పట్టి తీయాలి. గోళ్ళు పెంచుకొనేవారికి ఇది కఠినంగా తోచవచ్చు గాని లెన్సో గోళ్ళో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

గట్టి లెన్సుల సంగతి వేరు. వాటిని నిమరడం గాని రెండు వ్రేళ్ళతో గిల్లడం గాని పనికిరాదు. చుక్కలు వేసిన తరువాత, దాని అంచు ప్రక్కన తెల్లగుడ్డు మీద వ్రేలితో తేలికగా నొక్కితే క్రిందకు గాలి చొరబడి పట్టు వదులుతుంది. దానిని పీల్చి తీసే చిన్న రబ్బరు గొట్టం కూడ ఉన్నది. అట్టి లెన్సు వాడేవారు వైద్యుని వద్దనే దానిని ఉపయోగించడం నేర్చుకొని ఉండడం మంచిది.

రెండు మూడు మార్లు తడిపినా కదలకపోతే ఇక మన పని అయిపోయినట్లే, వైద్యుని వద్దకు పోవాలి. తీసిన తరువాత కూడ నొప్పి, ఎరుపు, మసక, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ దినమే పోవాలి. "తెల్లవారనీ, చూద్దాం" అనడం కంటి విషయంలో తగదు. లెన్సు ముక్క చిరిగి లోపల మిగిలిందేమో తీసిన లెన్సును చూసి తెలుసుకోవాలి. కన్ను పూర్తిగా కుదుటపడేదాకా కొత్త లెన్సు పెట్టరాదు.

వేయకూడని వాటి జాబితా మన ఇండ్లలో వేసేవాటి జాబితాయే. గులాబ్ జల్, తేనె, ఆముదం, తల్లిపాలు, ఉమ్మి. ఇవి ఆప్యాయతతో వేసేవే గాని శుద్ధమైనవి కావు. కుళాయి నీరు, కుండ నీరు, సీసా నీరు కూడ పనికిరావు. త్రాగడానికి మంచివైన నీటిలోనూ అకాంథమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. గీతపడిన కార్నియాలో అది ప్రవేశిస్తే నెలల తరబడి మందులు వేసినా చూపు దక్కకపోవచ్చు. నేను చెప్పిన చల్లని నీళ్ళ ప్రమాదం ఇది. ప్రక్క మంచం వారి పాత మందుచుక్కలు అంతకన్నా ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటిలోని వ్యాధి కప్పుపడి లోలోపల పెరుగుతుంది. ఎరుపు తగ్గించే చుక్కలు లెన్సు మీద వేయరాదు. లెన్సులు కడిగే ద్రవాలలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసినవి కొన్ని ఉన్నాయి. అవి తిన్నగా కంటిలో పడితే నిప్పు పడినట్లే. సీసా మీది అక్షరాలు చదివిన తరువాతనే మూత తీయండి. సుర్మా గాని కాటుక గాని లెన్సు ఉన్న కంటిలోపల పెట్టరాదు. ఆ పొడి లెన్సు క్రింద చేరితే ఉప్పుకాగితమే.

అయితే కుళాయి నీరు వద్దన్న నా మాటకు ఒక మినహాయింపు ఉన్నది. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో చదివేవారు దీనిని తప్పక గుర్తుంచుకోవాలి. ఆమ్లమో క్షారమో కంటిలో చిందితే లెన్సు కొరకు గాని సెలైన్ కొరకు గాని ఒక్క క్షణం ఆగరాదు. అందుబాటులో ఉన్న నీటితోనే, కుళాయి నీటితోనే, కన్ను తెరచి ధారగా కడుగుతూ ఉండాలి. ఆ ధారలో లెన్సు సులభంగా వస్తే తీసివేయాలి. తరువాత ఆసుపత్రికి. అక్కడ సూక్ష్మజీవి భయం కన్న రసాయనం భయమే పెద్దది. మన ప్రయోగశాలలో కళ్ళు కడిగే ధార ఏర్పాటు లేని సంగతి పెద్దలకు ఇదివరకే మనవి చేసి ఉన్నాను.

ఈ విషయం నేను ఒక సమావేశంలో ప్రస్తావించినప్పుడు ఒక పెద్దాయన, "ఈ ఫ్యాషన్లు ఎందుకమ్మా? కళ్ళజోడు పెట్టుకొంటే సరిపోదా?" అన్నారు. ఆయన ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు. వైద్యుని చూడకుండా అలంకారం కొరకు కొనే రంగు లెన్సులను, పెండ్లికో ఉత్సవానికో ఒకరివి ఒకరు మార్చుకొని ధరించే లెన్సులను నేను సమర్థించను. అవి మానవలసినవే. కాని అందరి అవసరం ఒక్కటి కాదు. కార్నియా శంకువు వలె ముందుకు పొడుచుకొని వచ్చే వ్యాధి కెరటోకోనస్ ఉన్నవారికి కళ్ళజోడుతో సరిగా కనబడదు. వారికి గట్టి లెన్సే చూపు. చాలా ఎక్కువ నంబరు ఉన్నవారికి మందపు అద్దాల ప్రక్క నుండి లోకం వంకరగా కనబడుతుంది. ఆటలాడేవారి ఇబ్బంది ఆటలాడేవారికే తెలుసు.

ఇంకొక మాట కూడ పెద్దలు మన్నించి వినాలి. పెండ్లిచూపులకు వచ్చినవారు "అమ్మాయికి కళ్ళజోడా?" అని గొంతు తగ్గించి అడగడం మన ఇండ్లలో నేటికీ వింటున్నాము. పిల్లవాడి కళ్ళజోడు చదువుకు గుర్తు, పిల్ల కళ్ళజోడు లోపానికి గుర్తు! ఆ మాటలు పడలేక ఆడపిల్ల లెన్సు పెట్టుకొంటే అది ఫ్యాషన్ అయింది. నాటకంలో వేషం వేసిన ఆ అమ్మాయిని అడిగాను, ఎందుకు పెట్టుకొన్నావని. "కళ్ళజోడుతో వేదిక ఎక్కితే నవ్వుతారు మేడమ్" అన్నది. ఆమె భయపడిన ఆ నవ్వు మన సభామందిరంలోనిదే. ఆ వరుసలలో కూర్చున్నది మనమే.

కావున పాలక సంఘానికి నా విన్నపం ఇది. వసతిగృహంలోని ప్రథమ చికిత్స పెట్టెలో ప్రస్తుతం ఒక దూది చుట్ట, అయొడిన్ సీసా, గడువు తీరిన తలనొప్పి మాత్రలు ఉన్నాయి. వాటితో పాటు ఒక్కసారికే వాడి పారవేసే చిన్న సెలైన్ గొట్టాలు, నిలువ మందు కలపని కన్నీటి చుక్కలు, ఖాళీ లెన్సు డబ్బాలు రెండు, ఒక మంచి అద్దం ఉంచాలి. వాటి గడువు తేదీ చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. చేతులు కడుగుకొనే తొట్టి వద్ద ఏడాది పొడవునా సబ్బు ఉండాలి. రాత్రివేళ ఆసుపత్రికి పోవలసి వస్తే ఎవరి అనుమతి, ఏ వాహనం అన్నది ముందే నిర్ణయించి గోడకు వ్రాసి పెట్టాలి. మా ఆటో కొరకు ఆ రాత్రి ఇరవై నిమిషాలు గేటు వద్ద నిలువవలసి వచ్చింది, తాళం చెవి ఎవరి వద్ద ఉన్నదో తెలియక. వీటన్నింటికీ అయ్యే వ్యయం వార్షికోత్సవంలో అతిథులకు కప్పే శాలువల వ్యయాన్ని మించదని నా అంచనా. శాలువలు వద్దనడం లేదు, ఒకటి తగ్గించమని మాత్రమే.

మన నగరానికి కంటి వైద్యంలో లోటు లేదు. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉన్నది. సినిమా రంగంలో ప్రసిద్ధుడైన ఎల్. వి. ప్రసాద్ గారి పేర 1987లో వెలసిన నేత్ర వైద్య సంస్థ దేశదేశాలలో పేరు పొందినది. అక్కడికి చేరడానికి ముందు గడిచే ఆ గంట సేపు మన చేతులు ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్నదే మనకు లోటు.

దీని కొరకు ఒక చిన్న పట్టిక తయారు చేశాము. తెలుగు భాగం నేను వ్రాశాను. ఉర్దూ భాగం ఆ అమ్మాయే తన అందమైన దస్తూరీతో వ్రాసి ఇచ్చింది. మొదటి వరుసలో "లెన్సు కంటిలో ఉన్నదో లేదో ముందు చూడుము" అని పెద్ద అక్షరాలతో ఉండాలని పట్టుబట్టినది కూడ ఆమెయే. వసతిగృహం తొట్టి పైనున్న అద్దం ప్రక్కన చోటు కూడ చూసుకొన్నాము. గోడకు మేకు కొట్టడానికి కార్యాలయం అనుమతి రావలసి ఉన్నది.